పాత డెస్క్‌టాప్‌కు కొత్త డిస్క్: ఏది నిజంగా చవక?

పాత డెస్క్‌టాప్ నెమ్మదించినప్పుడు నింద ముందుగా ప్రాసెసర్ మీద పడుతుంది, ఆ తర్వాత ర్యామ్ మీద. ఈ రెండింటికన్నా వెనకబడిన భాగం మరొకటి కేబినెట్‌లో ఒక మూల గిరగిరా తిరుగుతూ ఉంటుంది. అది హార్డ్‌డిస్క్. పదేళ్ల కిందటి ప్రాసెసర్ అయినా ఉత్తరాలు రాసుకోవడానికి, లెక్కలు చూసుకోవడానికి, ఇంటర్నెట్ చదువుకోవడానికి నేటికీ చాలినంత పని చేస్తుంది. దాని వేగాన్ని అందుకోలేక చతికిలపడేది డిస్కే. అందుకే డిస్క్ చెడిపోవడంలో ఒక మేలు కూడా దాగి ఉంది. ఎలాగూ ఖర్చు తప్పదు కాబట్టి, అదే ఖర్చుతో కంప్యూటర్‌ను మునుపటికన్నా చురుకైనదిగా మార్చుకునే వీలు దొరుకుతుంది.

ఆ వీలు చేజారేది బేరం దగ్గరే. చాలామంది ఒక్క జీబీకి ఎంత పడుతుందన్న లెక్కతో మొదలుపెడతారు. ఆ లెక్కలో పెద్ద హార్డ్‌డిస్క్‌కు తిరుగులేదు. లేదంటే మార్కెట్లో అన్నింటికన్నా తక్కువ ధర ఉన్న కొత్త హార్డ్‌డిస్క్ ఏదో వెతికి, పాతదాని స్థానంలో బిగిస్తారు. ఈ రెండు దారుల్లోనూ డబ్బు పోతుంది గాని అసలు ఇబ్బంది అలాగే మిగులుతుంది. పాత యంత్రంలో వాడేది ఎన్ని జీబీలు, ఆ యంత్రం ఇంకా ఎన్నేళ్లు నడవాలి అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తేనే ఏది చవకో తేలుతుంది.

డిస్క్ నిజంగా పోయిందా?

కొనడానికి ముందు ఒక గంట పరీక్షకు కేటాయించడం మంచిది. డిస్క్ పోయిందనుకుని మార్చిన తర్వాత కూడా అదే జబ్బు తిరగబెట్టిన సందర్భాలు తక్కువేమీ కాదు.

ప్రతి హార్డ్‌డిస్క్ తన ఆరోగ్యాన్ని తనే నమోదు చేసుకుంటుంది. ఆ పట్టీని స్మార్ట్ అంటారు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లినక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్ వంటి ఉచిత సాధనాలు దాన్ని చూపిస్తాయి. అందులో పదుల కొద్దీ వరుసలు ఉన్నా ముఖ్యంగా చూడవలసినవి నాలుగు. 5వ నంబరు వరుస, చెడిపోయిన సెక్టార్ల (డేటా దాచే చిన్న గడుల) బదులు అదనంగా దాచి ఉంచిన సెక్టార్లను ఎన్నిసార్లు వాడుకుందో చెబుతుంది. 197వ వరుస, చదవలేక అనుమానంలో పెట్టిన సెక్టార్ల సంఖ్య. 198వ వరుస, ఎంత ప్రయత్నించినా చదవలేకపోయినవి. ఈ మూడింట్లో సున్నా కాకుండా ఏదైనా అంకె కనిపించి, అది వారం వారం పెరుగుతూ ఉంటే డిస్క్‌కు రోజులు దగ్గరపడ్డాయని అర్థం.

నాలుగోది 199వ వరుస. దీని కథ వేరు. డిస్క్‌కూ మదర్‌బోర్డుకూ మధ్య ప్రయాణంలో పాడైన డేటా లెక్క ఇది. ఈ ఒక్క అంకె పెరుగుతూ మిగతావి సున్నా దగ్గరే ఉంటే తప్పు డిస్క్‌ది కాదు, కేబుల్‌ది. డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే వదులైన సాటా కేబుల్‌ను మార్చితే సరిపోయేదానికి కొత్త డిస్క్ కొనడం వృథా. అలాగే మదర్‌బోర్డు మీద బిళ్ల ఆకారంలో ఉండే చిన్న బ్యాటరీ అయిపోతే, కంప్యూటర్ కట్టేసిన ప్రతిసారీ బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే మదర్‌బోర్డు ప్రోగ్రాం) తన అమరికలను మరచిపోతుంది. అప్పుడు డిస్క్‌ను చూసే పద్ధతి మారిపోయి విండోస్ మొదలవదు. తెర మీద కనిపించే సందేశం డిస్క్ పోయిందన్నట్టే ఉంటుంది. తేదీ, సమయం కూడా తప్పుగా చూపిస్తున్నదంటే ముందు ఆ బ్యాటరీ మార్చి చూడాలి.

స్మార్ట్ పట్టీ చెడ్డ వార్త చెబితే నమ్మవచ్చు, మంచి వార్త చెబితే పూర్తిగా నమ్మకూడదు. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించి వెల్లడించిన ఫలితాల్లో ఈ రెండు సంగతులూ కనిపిస్తాయి. ఉపరితల పరీక్షలో మొదటి దోషం కనబడిన డిస్క్, ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం దోషం లేని డిస్క్‌తో పోలిస్తే 39 రెట్లు ఎక్కువ. మరోవైపు, చెడిపోయిన డిస్క్‌లలో 56 శాతానికి పైగా వారు బలమైనవిగా గుర్తించిన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటి కూడా ఇవ్వకుండానే ఆగిపోయాయి. కాబట్టి అంకెలు శుభ్రంగా ఉన్నా బ్యాకప్ మానకూడదు. అంకెలు పాడైతే మాత్రం డిస్క్ మార్పు గురించి ఆలోచించే ముందే ఫైళ్లను మరో చోటికి చేర్చాలి. టకటకమని లోహపు చప్పుడు మొదలైందంటే కంప్యూటర్‌ను మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడటం కూడా ప్రమాదమే. ప్రతి ప్రయత్నం మిగిలిన డేటాను కొంత చెరిపేయవచ్చు.

ధర ఒక మెట్టు దగ్గర ఆగిపోతుంది

హార్డ్‌డిస్క్ ధర వెనుక ఒక సాధారణ సూత్రం ఉంది. అది తెలిస్తే సగం నిర్ణయం అక్కడే తేలిపోతుంది. ఎంత చిన్న హార్డ్‌డిస్క్‌కైనా ఒక మోటారు కావాలి, ఒక పళ్లెం కావాలి, చదివే హెడ్‌లు, వాటిని కదిలించే చేయి, దుమ్ము చొరబడని లోహపు పెట్టె, ఒక సర్క్యూట్ బోర్డు కావాలి. 500 జీబీ డిస్క్‌కూ 1 టీబీ (1000 జీబీ) డిస్క్‌కూ ఈ సరంజామాలో పెద్ద తేడా ఉండదు. అందుకే సామర్థ్యం సగానికి తగ్గినా ధర సగానికి తగ్గదు. ఒక మెట్టు దగ్గర ఆగిపోతుంది. తిరిగే పళ్లెం బదులు మెమరీ చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలో ఈ మెట్టు చాలా కింద ఉంటుంది. సామర్థ్యం తగ్గితే చిప్పులు తగ్గుతాయి, దానితో ధర కూడా తగ్గుతుంది.

దీని ఫలితం ఏమిటంటే, తక్కువ సామర్థ్యం చాలనుకునే వారికి హార్డ్‌డిస్క్ అసలు చవకే కాదు. కొత్త హార్డ్‌డిస్క్‌లలో అన్నింటికన్నా చిన్నది, ధర ప్రకారం చూస్తే అన్నింటికన్నా నష్టదాయకం. అదే ధరకు, లేదా అంతకు కొంచెం అటూ ఇటూగా, 240 లేదా 500 జీబీ ఎస్‌ఎస్‌డీ దొరుకుతుంది. సామర్థ్యం పెరిగేకొద్దీ రెండింటి ధరలూ ఎక్కడో ఒక చోట కలుస్తాయి. ఆ చోటు దాటి పైకి, అంటే 2 టీబీ, 4 టీబీ కావలసినప్పుడు, హార్డ్‌డిస్క్ లాభంలోకి వస్తుంది. ఆ కలిసే చోటు స్థిరంగా ఉండదు. 2011లో థాయిలాండ్ వరదల్లో ఫ్యాక్టరీలు మునిగినప్పుడు ప్రపంచమంతటా హార్డ్‌డిస్క్‌ల ధర ఎగబాకింది. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ సర్వర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్పుల ధరలు పెరిగాయి. కొనే రోజున రెండింటి ధరలూ పక్కపక్కన పెట్టుకోవడమే దారి. సూత్రం మాత్రం మారదు.

ఇక కావలసింది ఎన్ని జీబీలు? ఇది ఊహించవలసిన పని కాదు. పాత డిస్క్ మీద ఎంత నిండిందో చూస్తే తెలుస్తుంది. పదేళ్లు వాడిన 500 జీబీ డిస్క్‌లో 120 జీబీ మాత్రమే నిండి ఉండటం చాలా మామూలు విషయం. ఫొటోలు, వీడియోలు ఇప్పుడు ఫోన్లలో, బయటి డిస్క్‌లలో ఉంటున్నాయి. పాతదాని స్థానంలో అంతకన్నా పెద్దదే రావాలన్న నియమం ఏదీ లేదు. నిండినదానికి రెట్టింపు సామర్థ్యం ఉంటే చాలు. అన్నట్టు, 500 జీబీ అని రాసి ఉన్న డిస్క్‌ను విండోస్ 465 జీబీగా చూపిస్తే కంగారు పడనక్కర లేదు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1024తో లెక్కిస్తుంది.

వేగం తేడా ఎక్కడి నుంచి వస్తుంది

1956లో ఐబీఎం తొలి హార్డ్‌డిస్క్‌ను తెచ్చిన నాటి నుంచి మౌలిక పద్ధతి అదే. పళ్లెం తిరుగుతుంది, చేయి కావలసిన వలయం మీదికి కదులుతుంది, కావలసిన చోటు హెడ్ కిందికి తిరిగి వచ్చేదాకా ఆగుతుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. సగటున సగం చుట్టు ఆగాలి కాబట్టి 4.17 మిల్లీసెకన్లు. చేయి కదలడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం 13 అనుకుంటే, అక్కడక్కడా చెదిరి ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు దాదాపు 77 మించి అందించలేదు. ఆ ఒక్క 13 మిల్లీసెకన్ల నిరీక్షణలో 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు దాదాపు 3.9 కోట్ల క్లాక్ సైకిళ్లు ఖాళీగా గడిచిపోతాయి. కంప్యూటర్ మొదలవుతున్నప్పుడు, బ్రౌజర్ తెరుస్తున్నప్పుడు అడిగేవన్నీ ఇలాంటి చిన్న ఫైళ్లే, అవి కూడా వేల సంఖ్యలో.

ఎస్‌ఎస్‌డీలో కదిలేది ఏదీ లేదు. ఒక ఫైలు ఎక్కడున్నా 0.1 మిల్లీసెకను లోపలో, ఆ దరిదాపుల్లోనో చేతికి వస్తుంది. సెకనుకు వేల ఫైళ్లు అందుతాయి. పాత కంప్యూటర్ యజమానులు తరచూ ఒక మాట అంటారు: మదర్‌బోర్డే పాతది, కొత్త ఎస్‌ఎస్‌డీ వేగం దీనికి అందదు కదా అని. ఆ మాటలో కొంతే నిజం ఉంది. సాటా మొదటి తరం సెకనుకు 150 ఎంబీ, రెండో తరం 300 ఎంబీ, మూడో తరం 600 ఎంబీ దాకా మోయగలదు. రెండో తరం బోర్డు మీద ఎస్‌ఎస్‌డీ వేగం 270, 280 ఎంబీల దగ్గర ఆగిపోయే మాట వాస్తవం. అది ఒక పెద్ద ఫైలును ఏకధాటిగా కాపీ చేసే వేగం. చిన్న ఫైళ్ల నిరీక్షణ తగ్గడం అనే అసలు లాభం ఆ పాత బోర్డు మీద కూడా దాదాపు పూర్తిగా దక్కుతుంది. మొదటి తరం సాటా మీద కూడా కొత్త హార్డ్‌డిస్క్‌కన్నా సాధారణ ఎస్‌ఎస్‌డీయే మిన్న.

పాత బోర్డు ఏది ఒప్పుకుంటుంది

కేబినెట్ పక్క పలక తీసి చూస్తే ఎక్కువ సందేహాలు తీరిపోతాయి. డిస్క్‌కు వెళ్లే కేబుల్ వేలెడంత కూడా లేని సన్నటి పట్టీలా ఉంటే అది సాటా. 2003 తర్వాత క్రమంగా డెస్క్‌టాప్‌లన్నింటిలోకీ వచ్చింది. కొత్త సాటా డిస్క్ పాత సాటా బోర్డుకు పెడితే వేగం తగ్గించుకుని సర్దుకుపోతుంది. ఒక చిన్న మినహాయింపు ఉంది. వయా వీటీ8237 వంటి తొలితరం చిప్‌సెట్లు (మదర్‌బోర్డు మీది నియంత్రణ చిప్పులు) కొన్ని, వేగం ఎంత అని డిస్క్‌తో జరపవలసిన సంప్రదింపులో తడబడి డిస్క్‌ను అసలు గుర్తించవు. ఆ కాలపు హార్డ్‌డిస్క్‌ల వెనుక వేగాన్ని సెకనుకు 1.5 గిగాబిట్లకు, అంటే సాటా మొదటి తరానికి, కట్టిపడేసే జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న ముక్క) ఉండేది. ఎస్‌ఎస్‌డీలకు అది ఉండదు. అలాంటి బోర్డు ఉన్నవారు తిరిగి ఇచ్చే వీలున్న చోట కొనడం క్షేమం.

కేబుల్ అరచేయి వెడల్పు రిబ్బన్‌లా, 40 పిన్నులతో ఉంటే అది ఐడీఈ. దీని మీద ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. కొత్త ఐడీఈ హార్డ్‌డిస్క్‌లు ఎప్పుడో ఆగిపోయాయి, దొరికేవన్నీ పాత నిల్వలు లేదా వాడేసినవి. ఐడీఈ బోర్డుల్లో కొన్ని 137 జీబీ దాటిన డిస్క్‌ను పూర్తిగా చూడలేవు. ఏదో ఒక పాత యంత్ర పరికరాన్ని నడిపించడానికి ఆ కంప్యూటరే కావాలన్నప్పుడు మాత్రం, సాటా డిస్క్‌ను ఐడీఈకి కలిపే చిన్న అడాప్టర్ పెట్టి ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ వాడవచ్చు.

చూయింగ్‌గమ్ ముక్కలా ఉండే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. సాటా వాటితో సమానమైన ధరకు కూడా దొరుకుతాయి. అడాప్టర్ కార్డు పెట్టి పాత బోర్డుకు తగిలించవచ్చు గాని, సుమారు 2014కు ముందటి బోర్డుల బయోస్ చాలావరకు వాటి నుంచి కంప్యూటర్‌ను మొదలుపెట్టలేదు. పాత డెస్క్‌టాప్‌కు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీయే తలనొప్పి లేని దారి.

పెద్ద డిస్క్ కొనేవారికి 2.2 టీబీ దగ్గర మరో గోడ ఉంది. డిస్క్‌ను భాగాలుగా (పార్టిషన్లుగా) విభజించే పాత పద్ధతి అయిన ఎంబీఆర్ 32 బిట్ల అంకెతో సెక్టార్లను లెక్కిస్తుంది. 512 బైట్ల సెక్టార్లు అయితే ఆ లెక్క 2.2 టీబీ దగ్గర ముగుస్తుంది. కొత్తదైన జీపీటీ పద్ధతిలో ఈ అడ్డు లేదు. విండోస్ విస్టా, ఆ తర్వాత వచ్చినవన్నీ జీపీటీ డిస్క్‌ను డేటా కోసం చదవగలవు. కానీ దాని నుంచి విండోస్‌ను మొదలుపెట్టాలంటే బయోస్ బదులు దాని తర్వాతి తరమైన యూఈఎఫ్ఐ ఉండాలి. 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీ అయితే జీపీటీని చదవనే లేదు. కాబట్టి పాత బోర్డులో సిస్టమ్ డిస్క్‌గా 2 టీబీ మించకుండా చూసుకోవాలి.

ఎస్‌ఎస్‌డీ అయితే ఎలాంటిది

ఎస్‌ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. లెక్క వేస్తే ఆ భయం నిలవదు. తయారీదారు ఎన్ని టీబీల రాతకు హామీ ఇస్తున్నాడో పత్రంలో ఉంటుంది. చవక రకం 240 జీబీ ఎస్‌ఎస్‌డీకి 80 టీబీ హామీ ఉందనుకుందాం. రోజుకు 20 జీబీ రాసినా, ఇంటి వాడుకకు అది ఎక్కువే, ఏడాదికి 7.3 టీబీ అవుతుంది. 80 టీబీ చేరడానికి దాదాపు 11 ఏళ్లు పడుతుంది. ఆ లోపు మిగతా కంప్యూటరే ఉండకపోవచ్చు.

చవకలోనూ రకాలున్నాయి. చిప్పులోని ఒక్కో మెమరీ గదిలో 3 బిట్లు దాచేది టీఎల్‌సీ, 4 బిట్లు కుక్కేది క్యూఎల్‌సీ. క్యూఎల్‌సీ కొంత చవక. కానీ అందులో వేగంగా రాసుకోవడానికి ఉంచిన తాత్కాలిక భాగం నిండిపోయాక రాసే వేగం ఒక్కసారిగా కూలిపోతుంది, హార్డ్‌డిస్క్‌కన్నా కిందికి కూడా పోవచ్చు. రోజువారీ పనిలో అది తెలియదు, పదుల జీబీలు ఒకేసారి కాపీ చేసినప్పుడే తెలుస్తుంది. ధరలో తేడా కొద్దిగానే ఉంటే టీఎల్‌సీ తీసుకోవడం మేలు. సొంతంగా డీర్యామ్ (వేగవంతమైన చిన్న మెమరీ చిప్పు) ఉన్న ఎస్‌ఎస్‌డీ మరింత నిలకడగా పనిచేస్తుంది. అది లేనిది కూడా హార్డ్‌డిస్క్‌ను సులువుగా దాటేస్తుంది కాబట్టి పాత డెస్క్‌టాప్‌కు అదొక తప్పనిసరి షరతు కానక్కర లేదు. పేరున్న తయారీదారు, 3 ఏళ్లో 5 ఏళ్లో వారంటీ, దాన్ని నిలబెట్టుకునే వ్యవస్థ, ఈ మూడూ అంతకన్నా ముఖ్యం.

నమ్మశక్యం కాని ధరకు 8 టీబీ, 16 టీబీ ఎస్‌ఎస్‌డీలు అని అమ్మే పెట్టెలు మోసమే. వాటిలో చిన్న మెమరీ కార్డు ఒకటి పెట్టి, సామర్థ్యాన్ని అబద్ధంగా చూపేలా మార్చి అమ్ముతారు. నిండే వరకూ అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అసలు సామర్థ్యం దాటగానే కొత్త ఫైళ్లు పాతవాటి మీద పడి రెండూ నాశనమవుతాయి. ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి ఉచిత సాధనాలతో డిస్క్ అంతటా రాసి తిరిగి చదివితే గుట్టు బయటపడుతుంది. కొన్న వెంటనే, డేటా వేయకముందే ఈ పరీక్ష చేయాలి.

హార్డ్‌డిస్కే కావాలంటే

వేల ఫొటోలు, ఏళ్ల తరబడి కూడబెట్టిన వీడియోలు, సంగీతం, వీటి కోసం హార్డ్‌డిస్క్‌కు ఇప్పటికీ సాటి లేదు. చాలాకాలం కరెంటు లేకుండా బీరువాలో పెట్టి ఉంచడానికి కూడా ఎస్‌ఎస్‌డీకన్నా అదే నయం. ఎస్‌ఎస్‌డీ గదుల్లోని విద్యుత్ ఆవేశం, ముఖ్యంగా బాగా అరిగాక, మెల్లగా జారిపోతుంది. కాబట్టి చిన్న ఎస్‌ఎస్‌డీ మీద విండోస్, పెద్ద హార్డ్‌డిస్క్ మీద ఫైళ్లు అనే జోడీ డెస్క్‌టాప్‌కు బాగా నప్పుతుంది. కేబినెట్‌లో చోటుకు కరువు లేదు. పాత హార్డ్‌డిస్క్ ఇంకా ఆరోగ్యంగా ఉంటే దాన్నే ఫైళ్ల కోసం ఉంచుకోవచ్చు, అప్పుడు కొనవలసింది ఎస్‌ఎస్‌డీ ఒక్కటే.

హార్డ్‌డిస్క్ కొనేటప్పుడు పెట్టె మీద కనిపించని విషయం ఒకటి తప్పక తెలుసుకోవాలి. అది డేటాను వలయాలుగా పరిచే పద్ధతి. సీఎంఆర్ డిస్క్‌లో వలయాలు పక్కపక్కనే విడివిడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్ డిస్క్‌లో ఇంటికప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద మరొకటి ఎక్కి ఉంటాయి. అదే పళ్లెం మీద ఎక్కువ డేటా పడుతుంది, తయారీ ఖర్చు తగ్గుతుంది. అయితే మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీది పెంకులన్నీ లేపి మళ్లీ పరవాలి. ఒక వలయాన్ని తిరగరాయాలంటే ఆ వరుసలోని పక్క వలయాలను కూడా తిరగరాయాలి. ఒకసారి రాసి, చాలాసార్లు చదివే ఫొటోలకు ఇది పరవాలేదు. క్షణక్షణం చిన్న చిన్న రాతలు జరిగే విండోస్ డిస్క్‌గా మాత్రం ఎస్‌ఎంఆర్ నరకమే.

ఈ విషయాన్ని తయారీదారులు మొదట్లో చెప్పలేదు. 2020లో వెస్టర్న్ డిజిటల్ నెట్‌వర్క్ నిల్వ పరికరాల కోసం అమ్మిన రెడ్ శ్రేణిలోని కొన్ని డిస్క్‌లు ఎస్‌ఎంఆర్ అని వాడుకరులు కనిపెట్టాక పెద్ద దుమారం రేగింది. డెస్క్‌టాప్ డిస్క్‌లు కొన్నింటిలో ఈ పద్ధతి ఉందని సీగేట్, తోషిబా కూడా ఒప్పుకున్నాయి. ఆ తర్వాత ఏ మోడల్ ఏ పద్ధతో తెలిపే పట్టికలు వెలువడ్డాయి. కొనేవారికి తెలియవలసిన విషయాన్ని దాచడం తప్పు, ఆ ఒత్తిడి రాకపోతే ఆ పట్టికలు వచ్చేవి కావు. ఇప్పుడు పూర్తి మోడల్ నంబరు పట్టుకుని తయారీదారు పట్టికలో చూసుకుంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. 2 టీబీ నుంచి 8 టీబీ దాకా ఉన్న సాధారణ డెస్క్‌టాప్ డిస్క్‌లలో ఎస్‌ఎంఆర్‌వి చాలా ఉన్నాయి.

ఏ కంపెనీ మంచిదన్న వాదనకు అంత విలువ ఇవ్వనక్కర లేదు. హార్డ్‌డిస్క్‌లు తయారుచేసేది ఇప్పుడు మూడే సంస్థలు: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. 2013 నుంచి తన డేటా కేంద్రాల్లోని డిస్క్‌ల వైఫల్యాల లెక్కను ప్రచురిస్తున్న బ్యాక్‌బ్లేజ్ సంస్థ అంకెల్లో, ఇటీవలి సంవత్సరాల మొత్తం వైఫల్యం ఏడాదికి సుమారు 1 నుంచి 2 శాతం. ఒకే కంపెనీ మోడళ్ల మధ్య తేడా, కంపెనీల మధ్య తేడా కన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

వాడిన డిస్క్‌ల మార్కెట్ ఆకర్షణీయంగా ఉంటుంది. డేటా కేంద్రాల నుంచి వచ్చిన పెద్ద డిస్క్‌లు సగం ధరకే దొరుకుతాయి. వాడినవని చెప్పి, వారంటీ ఇచ్చి అమ్మితే, అదనపు బ్యాకప్ ఉన్నవారు వాటిని కొనడం తప్పేమీ కాదు. వాడినదాన్ని కొత్తదని అమ్మడమే సమస్య. 2025 మొదట్లో, వేల గంటలు తిరిగిన సీగేట్ డిస్క్‌ల స్మార్ట్ లెక్కలను చెరిపేసి కొత్తవిగా అమ్ముతున్న వ్యవహారం బయటపడింది. ఆ డిస్క్‌లలోనే ఉండే ఫార్మ్ అనే మరో లోతైన నమోదు చెరగకుండా మిగలడంతో మోసం పట్టుబడింది. సీగేట్ డిస్క్ కొన్నవారు స్మార్ట్‌మాన్‌టూల్స్ కొత్త వెర్షన్లతో ఆ నమోదును చూసి, రెండు చోట్లా గంటల లెక్క ఒకటేనా అని పోల్చుకోవచ్చు. ఏ కంపెనీదైనా సీరియల్ నంబరును తయారీదారు సైటులో వేసి వారంటీ ఉందో లేదో చూడటం కనీస జాగ్రత్త. పెద్ద కంప్యూటర్ కంపెనీలకు టోకుగా అమ్మిన డిస్క్‌లకు విడి కొనుగోలుదారుకు వారంటీ ఉండదు.

డేటా కేంద్రాల డిస్క్‌లతో మరో విచిత్రమైన ఇబ్బంది ఉంది. పాత డెస్క్‌టాప్‌కు తగిలించగానే కొన్ని అసలు తిరగవు. డిస్క్ చెడిపోలేదు. కొత్త సాటా నియమాల ప్రకారం పవర్ కనెక్టర్‌లోని మూడో పిన్నుకు 3.3 వోల్టులు అందితే డిస్క్ ఆగిపోవాలి. పాత పవర్ సప్లైలు ఆ పిన్నుకు ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటాయి. నాలుగు పిన్నుల పాత మోలెక్స్ ప్లగ్ నుంచి సాటాకు మార్చే అడాప్టర్‌లో 3.3 వోల్టుల తీగ ఉండదు కాబట్టి అది వాడితే డిస్క్ లేస్తుంది. కానీ ఆ అడాప్టర్లలో తీగల చుట్టూ ప్లాస్టిక్‌ను కరిగించి పోతపోసిన చవక రకాలు లోపల షార్ట్ అయి కాలిపోయిన ఉదంతాలు ఉన్నాయి. తీగలు విడివిడిగా బిగించిన రకాన్నే ఎంచుకోవాలి. హార్డ్‌డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల తీగ నుంచి దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. అలసిపోయిన పాత పవర్ సప్లైకి అదీ ఒక పరీక్షే. ఎస్‌ఎస్‌డీకి 2, 3 వాట్లు చాలు.

బిగించే ముందు, తర్వాత

డిస్క్ మార్పు, ఆపరేటింగ్ సిస్టమ్ నిర్ణయం ఇప్పుడు కలిసే వస్తాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పును, ఇంటెల్ అయితే 8వ తరం లేదా తర్వాతి ప్రాసెసర్‌ను అడుగుతుంది. చాలా పాత డెస్క్‌టాప్‌లు ఈ గీత దాటలేవు. అలాంటి యంత్రానికి లినక్స్ మింట్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త ఎస్‌ఎస్‌డీ మీద హాయిగా నడుస్తుంది. పాత డిస్క్‌ను పక్కన తీసి పెట్టి కొత్తదాని మీద ప్రయత్నిస్తారు కాబట్టి నచ్చకపోతే వెనక్కి వెళ్లడం కూడా సులువే.

ఉన్న విండోస్‌నే యథాతథంగా కొత్త డిస్క్ మీదికి దించుకోవాలంటే క్లోన్‌జిల్లా వంటి ఉచిత సాధనం ఉంది. పాత డిస్క్‌లో చదవలేని సెక్టార్లు ఉంటే మాత్రం క్లోనింగ్ (డిస్క్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేయడం) మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడాలి. అది చదవగలిగిన భాగాలను ముందు తీసుకుని, మొరాయించే చోట్లకు చివర్లో వెళుతుంది. ఎక్స్‌పీ కాలం నుంచి వస్తున్న పార్టిషన్లను అలాగే దించుకోవడం మంచిది కాదు. ఎక్స్‌పీ మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టార్ దగ్గర మొదలుపెట్టేది. నేటి డిస్క్‌లు 8 సెక్టార్లను కలిపి 4096 బైట్ల ఒక్క ముక్కగా చూస్తాయి. 63ను 8 భాగించదు. అందువల్ల ప్రతి రాత రెండు ముక్కల మీద పడి పని రెట్టింపవుతుంది. అలాంటప్పుడు శుభ్రంగా కొత్త ఇన్‌స్టాలేషన్ చేసుకోవడమే మేలు. బయోస్‌లో సాటా పద్ధతిని, అంటే డిస్క్‌తో బోర్డు మాట్లాడే తీరును, ఏహెచ్‌సీఐగా మార్చుకోవలసింది కూడా ఇన్‌స్టాలేషన్‌కు ముందే. తర్వాత మార్చితే విండోస్ నీలి తెరతో ఆగిపోవచ్చు.

ఎస్‌ఎస్‌డీని బిగించడానికి ప్రత్యేక చట్రం దొరక్కపోతే ఆందోళన అక్కర లేదు. కదిలే భాగాలు లేవు కాబట్టి రెండు మరలతోనో, గట్టి అంటింపు పట్టీతోనో కేబినెట్‌లో ఎక్కడ నిలిపినా పనిచేస్తుంది. కంప్యూటర్ ఒకనాటికి పూర్తిగా మూలపడినా ఆ డిస్క్‌ను తీసి కొత్తదాంట్లో పెట్టుకోవచ్చు, లేదా యూఎస్‌బీ పెట్టెలో వేసి బయటి డిస్క్‌గా వాడుకోవచ్చు. దాని మీద పెట్టిన ఖర్చు పాత యంత్రంతో పాటు పోదు.

పాత డిస్క్‌ను వెంటనే చెరిపేయకూడదు. ఏదో ఒక ఫోల్డర్, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, ఒక లెక్కల ప్రోగ్రాం ఎక్కడో మూల దాచుకున్న ఫైలు, ఇలాంటివి గుర్తుకొచ్చేసరికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. తారీఖు రాసిన చీటీ అంటించి అప్పటి వరకు పొడిగా ఉన్న చోట పెట్టి ఉంచాలి. ఆ తర్వాత దాన్ని ఎవరికైనా ఇచ్చేటట్లయితే, ఫైళ్లు తొలగించడమో ఫార్మాట్ కొట్టడమో సరిపోదు. డిస్క్ మొత్తం మీద ఒకసారి సున్నాలు రాయాలి. 1 టీబీ డిస్క్‌కు రెండు, మూడు గంటలు పట్టే పని అది.